దస్త్రంలో పేరున్న రైతు: అమెరికా పల్లె కౌంటీల్లో కోవిడ్ సాయం

మిన్నెసోటా రాష్ట్రానికి నైరుతి మూలన నోబుల్స్ అనే కౌంటీ ఉంది. అమెరికాలో రాష్ట్రం కింద ఉండే పాలనా విభాగమే కౌంటీ. విస్తీర్ణంలో మన పాత తాలూకాలను తలపిస్తుంది కానీ పల్లె కౌంటీల్లో జనం బాగా పలచన. నోబుల్స్ జనాభా 22 వేల పైచిలుకు. వాళ్లలో 14 వేల మంది దాకా ఒక్క వర్తింగ్టన్ పట్టణంలోనే ఉంటారు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, మధ్యమధ్య పొడుగాటి పందుల షెడ్లు. పట్టణంలో జేబీఎస్ కంపెనీ కబేళా. రోజుకు 20 వేల పందులను కోసే ఆ కబేళా 2020 ఏప్రిల్ 20న మూతపడింది. భుజానికి భుజం తగిలేలా నిలబడి పనిచేసే కార్మికుల్లో కోవిడ్ పాకింది మరి. అక్కడికి పడమరగా 100 కిలోమీటర్ల దూరంలో, దేశంలోని పంది మాంసంలో 5 శాతం ఒక్కటే అందించే స్మిత్‌ఫీల్డ్ కబేళా అంతకు ఎనిమిది రోజుల ముందే మూసివేత ప్రకటించింది.

పందుల పెంపకం గడియారం ప్రకారం నడిచే వ్యాపారం. ఆరు నెలలకు పంది 125 కిలోలకు చేరుతుంది, ఆ వారంలోనే కబేళాకు వెళ్లాలి. వెనకనుంచి కొత్త పిల్లల మంద షెడ్డులోకి రావడానికి సిద్ధంగా ఉంటుంది. కబేళా మూస్తే బరువెక్కిన పందులను పెట్టుకోవడానికి చోటుండదు, మేపడానికి డబ్బుండదు, కొనేవాడుండడు. ఏప్రిల్ చివర వర్తింగ్టన్ కబేళా గేటు మళ్లీ తెరిచింది, మాంసం కోసం కాదు, రైతులు తెచ్చిన పందులను చంపి పారవేయడానికి. చేతులారా పెంచిన పశువును ఎవరి కడుపూ నింపకుండా పూడ్చిపెట్టాల్సి రావడం ఆ ప్రాంతపు రైతు కుటుంబాలకు ఎంత గుండెకోత అయిందో లెక్కల్లో కనబడదు. అదే నెలలో బడులు, హోటళ్లు మూతపడి పాలు కొనే దిక్కులేక పాడి రైతులు రోజూ లక్షల గ్యాలన్లు పారబోశారు. జనం బండ్లు తీయకపోవడంతో పెట్రోలు వాడకం పడిపోయింది. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను మొక్కజొన్న నుంచే తీస్తారు కాబట్టి ఆ దెబ్బ నేరుగా మొక్కజొన్న ధరకు తగిలింది.

అమెరికా ప్రభుత్వం స్పందించిన తీరు మీద ఇప్పటికి చాలా చర్చ జరిగింది. 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం రైతుల కోసం వ్యవసాయ మంత్రి చేతికి 9.5 బిలియన్ డాలర్లు ఇచ్చింది. 1933 నుంచి పంటల ధరలకు ఆసరాగా నిలిచిన ప్రభుత్వ సంస్థ కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ ఖజానాను మరో 14 బిలియన్లతో నింపింది. ఏప్రిల్ 17న అప్పటి వ్యవసాయ మంత్రి సోనీ పర్డ్యూ 19 బిలియన్ డాలర్ల పథకం ప్రకటించారు. అందులో 16 బిలియన్లు రైతులకు నేరుగా, 3 బిలియన్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పేదలకు పెట్టెల్లో పంచడానికి. కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, అక్కడి రైతుల నోట సీఫాప్, అలా మొదలైంది. సెప్టెంబరులో రెండో విడత, తర్వాత పైచెల్లింపులు. అన్నీ కలిపి 31 బిలియన్ డాలర్ల దాకా రైతుల ఖాతాల్లో పడ్డాయి. అప్పటి మారకపు ధరలో 2 లక్షల కోట్ల రూపాయల పైమాటే.

ఈ డబ్బు వృథా అన్నవాళ్లూ ఉన్నారు, ఇది లేకపోతే పల్లె అమెరికా కుప్పకూలేదన్నవాళ్లూ ఉన్నారు. రెండు వాదాలకూ చేతిలో ఆధారాలున్నాయి. నాకు మాత్రం డబ్బు ఎంత ఇచ్చారన్నదానికంటే దేన్ని కొలిచి ఇచ్చారన్నదే అసలు ప్రశ్నగా తోస్తుంది. ధాన్యాన్ని బుషెళ్లలో కొలిచారు, పశువు తలను కొలిచారు, ఎకరాన్ని కొలిచారు. ఆ కొలత ఎవరి పేరున కార్యాలయపు దస్త్రంలో ఉందో వాళ్లకు చెల్లించారు. నష్టం ఎవరి ఇంటి మీద పడిందన్నది విడిగా ఎవరూ కొలవలేదు.

ముందుగా మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖకు ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ పేరుతో 2,100కు పైగా కౌంటీ కార్యాలయాలున్నాయి. ఒక్కో దానికి రైతులే ఓటేసి ఎన్నుకునే కమిటీ ఉంటుంది. సభ్యులు ముగ్గురు నుంచి పదకొండు మంది. దరఖాస్తు మంజూరు ఆ కమిటీ పేరున జరుగుతుంది. 2020 మే 26న దరఖాస్తులు తీసుకోవడం మొదలైనప్పుడు ఈ కార్యాలయాల తలుపులు జనానికి మూసే ఉన్నాయి. సిబ్బంది ఫోన్లోనే రైతులతో మాట్లాడి, ఈమెయిల్లో కాగితాలు తెప్పించుకుని, సంతకాలు కంప్యూటర్లో పెట్టించి పని నడిపారు. జూన్ మొదటి వారాలకే డబ్బు ఖాతాల్లో పడటం మొదలైంది. నిధులు చాలవేమోనని ముందు 80 శాతమే ఇచ్చి, మిగిలింది ఆగస్టులో విడుదల చేశారు. చట్టం వచ్చిన రెండు నెలల్లో, అదీ మహమ్మారి మధ్యలో, దేశమంతటా ఇంత డబ్బు పంచగలగడం తేలికైన పని కాదు. కౌంటీ స్థాయిలో పాతుకుపోయిన యంత్రాంగం లేకపోతే అది సాధ్యమయ్యేదే కాదు.

అయితే ఆ వేగం అందరికీ ఒకే రకంగా దక్కలేదు. అంతకుముందే ధర సబ్సిడీ కోసం ఆ కార్యాలయంలో పేరు రాయించుకున్న మొక్కజొన్న రైతు ఒక ఫోను చేసి, ఒక ఫారం సంతకం చేస్తే సరిపోయింది. ఏనాడూ ఆ గడప తొక్కని కూరగాయల రైతు, సంతలో అమ్ముకునే చిన్న రైతు మాత్రం వ్యవసాయ సంస్థ వివరాలకు ఒక ఫారం, ఆదాయ ధ్రువీకరణకు ఒకటి, నేల కోత, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తున్నానని ఒకటి, బ్యాంకు వివరాలకు మరొకటి నింపాలి. నింపడానికి పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేని కాలం అది. ఇంగ్లీషు బాగా రాని వలస రైతుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక కొలతల సంగతి. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ధర 5 శాతం, అంతకు మించి పడిన సరుకులకే మొదటి విడత వర్తించింది. మొక్కజొన్నకు లెక్క ఇలా వేశారు: 2019 దిగుబడిలో సగం, లేదా 2020 జనవరి 15 నాటికి ధర కుదుర్చుకోకుండా చేతిలో ఉన్న నిల్వ, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది. దాని మీద రెండు ఖజానాల రేట్లు కలిపితే బుషెల్‌కు 33.5 సెంట్లు. బుషెల్ మొక్కజొన్న అంటే ఇంచుమించు 25 కిలోలు. 500 ఎకరాల్లో ఎకరాకు 180 బుషెళ్లు పండించి, అందులో సగమైనా గాదెల్లో దాచుకోగలిగిన రైతుకు 15 వేల డాలర్ల పైన వస్తుంది. అదే 500 ఎకరాలు పండించి, బ్యాంకు వాయిదా కట్టడానికో, దాచుకునే గాదె లేకనో నవంబరులోనే మొత్తం అమ్ముకున్న రైతుకు ఒక్క సెంటూ రాదు. వ్యవసాయ శాఖ తర్కంలో తప్పు లేదు. ముందే అమ్మినవాడికి ఏప్రిల్ ధరల పతనం తగల్లేదు కదా అంటారు. నిజమే. కానీ ఆ తర్కం వెనక ఒక మనిషి తప్పిపోయాడు. పంట కళ్లం దాటకముందే అమ్ముకోక తప్పని రైతు ఎప్పుడూ అప్పుల అంచున బతికేవాడే. వరి కోసిన రోజే మిల్లుకు తోలక తప్పని మన రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. వచ్చే ఏటి విత్తనానికి, ఎరువుకు ధర పతనం అతన్నీ తాకుతుంది, జనవరి 15 నాటి నిల్వ లెక్కలో మాత్రం కనబడడు.

పశువుల విషయంలో గీత ఇంకా కఠినంగా పడింది. కబేళాకు సిద్ధమైన గొడ్డును జనవరి 15కూ ఏప్రిల్ 15కూ మధ్య అమ్మిన రైతుకు తలకు 214 డాలర్లు. ఆ మర్నాడు కూడా కొట్టంలో ఉంటే తలకు 33 డాలర్లు. వెయ్యి గొడ్లను మేపే రైతు వాటిని ఏప్రిల్ 14న పంపితే 2 లక్షల 14 వేల డాలర్లు, రెండు రోజులు ఆలస్యమైతే 33 వేలు. చేదైన సంగతి ఏమిటంటే కబేళాలు వరసగా మూతపడింది ఏప్రిల్ ద్వితీయార్ధంలోనే. ఎక్కువ దెబ్బ తిన్నది ఆ గీత తర్వాత అమ్ముకోవలసి వచ్చినవాళ్లే. ఇదేదో దురుద్దేశంతో గీసిన గీత కాదు. ఏప్రిల్ 15కు ముందు నష్టానికి కేర్స్ చట్టపు డబ్బు, తర్వాత నష్టానికి కమోడిటీ కార్పొరేషన్ డబ్బు అని రెండు పద్దులు విడదీశారు. రెండో పద్దులో అప్పటికి డబ్బు తక్కువ. పద్దు గీతకు రైతు బతుకు సరిపోయేలా కత్తిరించారన్నమాట.

నోబుల్స్ లాంటి చోట పందులను చంపుకున్నవాళ్ల గతి మరీ దయనీయం. మొదటి విడతలో పంది నిల్వకు తలకు 17 డాలర్లు కట్టారు. బరువెక్కిన పందిని మామూలు రోజుల్లో అమ్మితే వచ్చే ధరలో అది చిన్న వంతు. చంపివేసిన పశువులకు సరసమైన ధరలో 80 శాతం ఇచ్చే వేరే పథకానికి 2020 డిసెంబరులో చట్టం దారి తెరిచింది. దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది మాత్రం 2021 జులై 20న. 2020 మేలో పందులను పూడ్చిపెట్టిన రైతు ఏడాది దాటాక ఆ గుంటకు రుజువులు వెతుక్కోవలసి వచ్చింది.

అన్నిటికంటే నన్ను కలచివేసింది అప్పగింత పెంపకందార్ల కథ. అమెరికాలో కోళ్లు దాదాపు అన్నీ, పందుల్లో పెద్ద భాగం, కంపెనీల సొత్తు. పిల్లలను కంపెనీ దింపుతుంది, మేత కంపెనీదే, బరువెక్కాక తీసుకుపోయేదీ కంపెనీయే. రైతుది షెడ్డు, కరెంటు బిల్లు, కూలి, షెడ్డు కోసం చేసిన లక్షల డాలర్ల అప్పు. మన చిత్తూరు, రంగారెడ్డి వైపు కోళ్ల ఫారాలవాళ్లకు తెలిసిన వ్యవస్థే ఇది. కబేళా మందగించగానే కంపెనీ పిల్లలను దింపడం ఆపింది. షెడ్డు ఖాళీ, అప్పు వాయిదా మాత్రం యథాప్రకారం. మొదటి విడత నిబంధన ప్రకారం సాయం పశువు యజమానికే. కాబట్టి రోజూ మేత వేసినవాడికి ఏమీ రాలేదు. అమెరికా పార్లమెంటు 2020 డిసెంబరు 27 నాటి చట్టంతో వాళ్లను చేర్చింది. జనవరిలో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లు అన్నీ పునఃపరిశీలిస్తామని ఆపేశారు. ఆదాయ నష్టంలో 80 శాతం వరకు కట్టే నిబంధనలు 2021 వేసవి చివరికి గానీ ఒక కొలిక్కి రాలేదు. సాయం అత్యవసరమైన ఏడాది అప్పటికే గడిచిపోయింది.

కార్మికులది ఇంకా వెనక వరస. పంట కోతల కూలీల్లో సగం మంది దాకా కాగితాలు లేని వలసవాళ్లని చాలా ఏళ్లుగా సర్వేలు చెబుతున్నాయి. 2020లో చాలామంది పెద్దలకు ఇచ్చిన 1,200 డాలర్ల చెక్కు కూడా వాళ్లకు అందలేదు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ రక్షణ ఉత్పత్తి చట్టం కింద ఉత్తర్వు ఇచ్చి మాంసం కబేళాలు నడవాలన్నారు. అంటే ఆ పని దేశానికి అత్యవసరమని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ పని చేసిన చేతులకు వ్యవసాయ శాఖ నుంచి తలకు 600 డాలర్ల సాయం ప్రకటించడానికి 2021 సెప్టెంబరు దాకా పట్టింది, చేతికి రావడానికి ఇంకా ఎక్కువ కాలం. పందికి నష్టం లెక్క కట్టడానికి రెండు నెలలు చాలిన వ్యవస్థకు, ఆ పందిని కోసి జబ్బు పడ్డ మనిషి లెక్క తేల్చడానికి ఏడాదిన్నర పట్టడాన్ని నేను సమర్థించలేను.

రెండో విడత దగ్గర వాదం మలుపు తిరుగుతుంది. 2020 సెప్టెంబరు 17న విస్కాన్సిన్ ఎన్నికల సభలో ట్రంప్ దాన్ని ప్రకటించారు. దరఖాస్తులు సెప్టెంబరు 21న మొదలయ్యాయి. ఎన్నిక నవంబరు 3న. ఈ విడతలో కొన్ని మంచి మార్పులు జరిగిన మాట నిజం. పండ్లు, కూరగాయల రైతులకు సరుకుల పట్టికలు, హోల్‌సేల్ ధరలు వదిలేసి, 2019లో వాళ్లు అమ్ముకున్న మొత్తం మీద శాతం కట్టారు. తొలి 50 వేల డాలర్ల లోపు అమ్మకాలకు 10.6 శాతం, పైకి పోయేకొద్దీ శాతం తగ్గుతుంది. చిన్న రైతుకు కాస్త ఎక్కువ దక్కేలా కట్టిన ఈ మెట్ల లెక్క మొత్తం పథకంలో నాకు నచ్చిన ఒకే ఒక్క కొలత. పెద్ద పంటలకు మాత్రం ఎకరాల లెక్కే: ఎకరాకు కనీసం 15 డాలర్లు, ఎన్ని ఎకరాలుంటే అన్ని పదిహేనులు. డిసెంబరు చట్టం దాని మీద ఎకరాకు మరో 20 డాలర్లు కలిపింది.

ఆ డబ్బు చేతికి వచ్చేనాటికి ధరలు లేచి కూర్చున్నాయి. చైనా కొనుగోళ్లు పెరిగాయి, ఆగస్టు 10న అయోవా మీదుగా వీచిన భీకర గాలివాన పంటను పడగొట్టింది. 2021 జనవరికి మొక్కజొన్న బుషెల్ 5 డాలర్లు, సోయా 13 డాలర్లు దాటాయి. మొదటి విడత మునిగిపోతున్నవాడికి వేసిన తాడు. రెండో విడతలో ఎకరాల మీద కట్టిన భాగం ఒడ్డుకు చేరినవాడికి కూడా వేసిన తాడు. ఇందులో నా మొగ్గు దాచుకోను: వసంతంలో తొందరపాటు లెక్కలు క్షమించదగినవి, శరత్కాలంలో ఎకరాల లెక్కలు వాడటం క్షమించదగింది కాదు. నాలుగు నెలల వ్యవధి ఉంది, ఎవరు నష్టపోయారో ఎవరు కోలుకున్నారో చూసే వీలుంది. చూడలేదు.

దీనికి ముందు చరిత్ర కూడా కారణమే. 2018, 2019ల్లో చైనాతో సుంకాల యుద్ధం వల్ల సోయా ధర పడిపోతే, ప్రభుత్వం రెండేళ్లలో 23 బిలియన్ డాలర్ల దాకా రైతులకు పంచింది. 2019 విడతలో ఒక్కో కౌంటీకి ఒక్కో రేటు: ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల వరకు. రోడ్డుకు ఇటు పక్క కౌంటీలో ఒక రేటు, అటు పక్క ఇంకో రేటు ఉండి పొరుగు రైతుల మధ్య చిచ్చు రేగింది. అలా అలవాటైన దారిలోనే కోవిడ్ డబ్బూ పారింది. 2020లో అన్ని పథకాలూ కలిపి ప్రభుత్వం రైతులకు నేరుగా చెల్లించింది 46 బిలియన్ డాలర్ల చేరువలో ఉంది. అప్పటికి ఆ దేశ చరిత్రలో అదే అత్యధికం. ఉద్యోగుల జీతాల కోసమని పెట్టిన పేచెక్ ప్రొటెక్షన్ రుణాలూ రైతులకు దొరికాయి. కూలీలు లేని ఒంటరి రైతు మొదట్లో నికర లాభం మీదే ఆ రుణం అడగాలి. లాభం లేని ఏడాదైతే అడగడానికేమీ ఉండదు. డిసెంబరు చట్టం స్థూల ఆదాయం మీద అడగనిచ్చింది, గరిష్ఠం 20,833 డాలర్లు. చిన్న రైతుల వరకు ఆ సవరణ చేసిన మేలు పెద్దది.

ఫలితం ఏమిటంటే దివాలాలు తగ్గాయి. కుటుంబ రైతుల కోసం ప్రత్యేకించిన చాప్టర్ 12 దివాలా పిటిషన్లు 2019లో 600కు చేరువలో ఉంటే 2021లో 276కు పడిపోయాయి. సాయాన్ని సమర్థించేవాళ్లకు ఇది గట్టి ఆధారం. ఒక్క కుటుంబం భూమి పోగొట్టుకోకుండా నిలబడినా ఆ డబ్బు సార్థకమేనని నేనూ నమ్ముతాను. కానీ పొరుగున అయోవాలో అదే కాలంలో భూమి ధర చూడండి. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఏటా చేసే సర్వే ప్రకారం 2020లో సగటు ఎకరం 7,559 డాలర్లు. 2021లో 9,751. 2022లో 11,411. ధాన్యం ధరలు, తక్కువ వడ్డీలు ఇందులో పెద్ద పాత్రధారులు, సాయం డబ్బు కూడా తన వంతు వేసింది. ఎకరానికి కట్టే డబ్బు చివరికి ఎకరంలోకే ఇంకుతుంది. భూమి ఉన్నవాడి ఆస్తి పెరుగుతుంది, కొత్తగా సాగులోకి రావాలనుకునే పాతికేళ్ల కుర్రాడికి గడప ఇంకో అడుగు పైకి లేస్తుంది.

కౌలు విషయంలో అమెరికా నిబంధన మనకంటే మెరుగ్గా ఉందని ఒప్పుకోవాలి. అక్కడ సాగుభూమిలో 40 శాతం దాకా కౌలులోనే ఉంది. పంట మీద నష్టభయం ఎవరు మోస్తారో వాళ్లకే సీఫాప్ వర్తించింది. నగదు కౌలు పుచ్చుకుని కూర్చునే యజమానికి రాలేదు. పాలుకు ఇచ్చినవాడికి అతని పాలు మేరకే వచ్చింది. ఇదే మహమ్మారి వేళ మన దగ్గర జరిగింది వేరు. కేంద్రం 2020 మార్చి 26న ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో 8.7 కోట్ల మంది రైతులకు ఏప్రిల్‌లో ఇస్తామన్న 2 వేల రూపాయలు, పీఎం కిసాన్ కింద ఎలాగూ రావలసిన వాయిదానే. ముందుకు జరిపారు, అంతే. తెలంగాణలో రైతుబంధు ఎకరాకు సీజనుకు 5 వేల చొప్పున పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవారికి ఆ వానాకాలంలోనూ అందింది, కౌలుదారుకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను లెక్కలోకి తీసుకుంది. అయితే అందుకు అవసరమైన సాగు హక్కు పత్రం మీద భూయజమాని సంతకం కావలసి వచ్చింది. ఆ సంతకం పెట్టడానికి యజమాని ఎందుకు జంకుతాడో గోదావరి జిల్లాల్లో ఏ కౌలు రైతును అడిగినా చెబుతాడు. అమెరికాలోనూ కాగితం మీద ఉన్న న్యాయం ఎకరాల ధరలోకి, మరుసటి ఏటి కౌలు రేటులోకి జారిపోతుంది. మన దగ్గర మొదటి మెట్టులోనే జారిపోతోంది.

కౌంటీ కమిటీలకు ఇంకో చరిత్ర ఉంది, అది తెలియకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పత్తి ధర నిలబెట్టడానికి సాగు తగ్గించిన రైతులకు డబ్బిచ్చింది. దక్షిణ రాష్ట్రాల్లో ఆ డబ్బు భూస్వాముల చేతికి వెళ్లింది, పంపకం చూసే స్థానిక కమిటీలు కూడా వాళ్ల గుప్పిట్లోనే ఉండేవి. విస్తీర్ణం తగ్గింది కాబట్టి పాలికాపులతో పనిలేదని వేల కుటుంబాలను చేల నుంచి వెళ్లగొట్టారు. ఆర్కాన్సా రాష్ట్రం టైరోంజాలో 1934 జులైలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి సదరన్ టెనెంట్ ఫార్మర్స్ యూనియన్ కట్టింది ఇందుకే. 1920లో 9 లక్షల పైచిలుకు ఉన్న నల్లజాతి రైతులు 2017 గణనలో 48,697 మంది, మొత్తం రైతుల్లో 1.4 శాతం. రుణాల్లో వివక్ష చూపినందుకు వ్యవసాయ శాఖ 1999లో పిగ్‌ఫోర్డ్ కేసులో రాజీకి వచ్చి పరిహారం కట్టింది.

ఇంత చరిత్ర ఉన్న శాఖ కోవిడ్ సాయాన్ని గతంలోని ఉత్పత్తి లెక్కల మీద పంచితే ఏమవుతుందో ఊహించవచ్చు. బైడెన్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ 2021 మార్చిలో చెప్పిన లెక్కలో నల్లజాతి రైతులకు దక్కింది మొత్తంలో 0.1 శాతం. నిబంధనల్లో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. అక్కర్లేదు కూడా. తాతల నాడు భూమి పోయినవాడికి ఈనాడు బుషెళ్లు ఉండవు, బుషెళ్లు లేనివాడికి సాయం ఉండదు. ఆ నెల 11న వచ్చిన చట్టంలో పార్లమెంటు దీన్ని సరిదిద్దబోయింది. నల్లజాతి, స్థానిక అమెరికన్, హిస్పానిక్, ఆసియా రైతుల ప్రభుత్వ రుణాల మాఫీకి సుమారు 4 బిలియన్ డాలర్లు కేటాయించింది. తెల్లజాతి రైతులు జాతి వివక్ష అంటూ కోర్టుకెక్కారు. జూన్‌లో విస్కాన్సిన్, ఫ్లోరిడా కోర్టులు నిలిపివేశాయి. ఆ మాటను నమ్మి అప్పు తీరుతుందని ఖర్చుకు దిగినవాళ్లు నట్టేట మిగిలారు. 2022 ఆగస్టులో ఆ సెక్షన్‌నే రద్దు చేసి, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తులకు 3.1 బిలియన్లు, గతంలో వివక్షకు గురైనవారికి 2.2 బిలియన్లు పెట్టారు. రెండో దాని కింద 2024 జులై 31న 43 వేల మందికి 2 బిలియన్ డాలర్లు వెళ్లాయి. కోర్టు తీర్పులో న్యాయసూత్రం ఎంత సరైనదైనా, ఆ మధ్య మూడేళ్లు ఎవరి మీదుగా నడిచాయో చూడకుండా ఉండలేం.

తనిఖీల గురించి రెండు మాటలు చాలు. దరఖాస్తులో రైతు రాసిందే రుజువుగా తీసుకుని డబ్బిచ్చారు, తర్వాత కొందరిని ఎంచి కాగితాలు అడిగారు. పార్లమెంటుకు జవాబు చెప్పే జీఏఓ సంస్థ 2022లో ఈ చెల్లింపులను పరిశీలించి, ఇంకా గట్టి తనిఖీలు కావాలని సిఫారసు చేసింది. నా దృష్టిలో ఇది ఈ పథకపు పెద్ద లోపం కాదు. ఆపత్కాలంలో మాట నమ్మి ఇవ్వడమే మేలు. మనిషికి 2 లక్షల 50 వేల డాలర్ల పరిమితి, ముగ్గురు వాటాదారులున్న కంపెనీకి 7 లక్షల 50 వేలు అన్న నిబంధన నాకు అంతకంటే పెద్ద లోపంగా కనిపిస్తుంది. కోవిడ్ పేరుతో పెట్టిన పథకంలో అంత పై పరిమితి పెట్టి, కింద ఏ కనీసమూ పెట్టలేదు. కొట్టంలో నాలుగు గొడ్లున్న ఇంటికి వందో రెండొందలో డాలర్లు వస్తే అదే ఆ ఇంటి కోవిడ్ సాయం.

కింద ఒక కనీసం పెట్టడం అసాధ్యమేమీ కాదు. కౌంటీ కమిటీ సభ్యులు ఊళ్లో ఎవరు ఎలా ఉన్నారో ఎరిగినవాళ్లు. ఇంటికి ఇంత అని మొదట ఒక మొత్తం, దాని పైన అమ్మకాల మీద తగ్గుతూ పోయే శాతం, షెడ్డు అప్పు కట్టే పెంపకందారుకు, కబేళా కార్మికుడికి తొలి విడతలోనే చోటు ఇచ్చి ఉంటే ఖర్చు ఇంతకంటే మించేది కాదు. రెండో విడతలో కూరగాయల రైతులకు వాడిన మెట్ల లెక్క అది చేయవచ్చునని రుజువు చేసింది. దాన్ని మొక్కజొన్నకూ సోయాకూ ఎందుకు వర్తింపజేయలేదన్నదానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: ఆ పంటల ఎకరాల వివరాలు దస్త్రాల్లో ముందే సిద్ధంగా ఉన్నాయి, ఆ దస్త్రాలవాళ్లకు రాజధానిలో గొంతు ఉంది.

2024 డిసెంబరులో పార్లమెంటు మళ్లీ 10 బిలియన్ డాలర్ల సాయం మంజూరు చేసింది, ఈసారి కోవిడ్ లేదు, పంటల ధరలు పడిపోయాయి, ఖర్చులు పెరిగాయి. 2025 మార్చిలో రేట్లు ప్రకటించారు: మొక్కజొన్న ఎకరానికి 42.91 డాలర్లు, సోయా ఎకరానికి 29.76. అంతకుముందు ఏడాది ఎకరాల వివరాలు కౌంటీ కార్యాలయంలో ఇచ్చినవాళ్లకు ఫారాలు ముందే నింపి ఇళ్లకు పంపారు. సంతకం పెట్టి వెనక్కి పంపితే చాలు.